చివరి డ్యూటీ వడ్డన

జనవరి ఇరవై ఆరు. ఆ ఉదయం తిన్నది అటుకుల పోహా, దానిమీద పెట్టిన వేడి జిలేబీ. బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో జెండా ఎగిరాక అందరికీ కాగితపు దొన్నెల్లో పంచారు. సూర్యానికి ఆ తేదీ, ఆ తిండి రెండూ గుర్తుండిపోయాయి. జిలేబీ సగంలో ఉండగా చిన్నారావు అడిగిన ప్రశ్నే అందుకు కారణం.

"బావా, శనివారం లాబీలో వంట ఎవుల సేత సేయిస్తన్నావు?"

ఆ శనివారం గూడ్సు బండి డ్రైవరుగా సూర్యానికి ఆఖరి డ్యూటీ. డ్రైవర్లు బండి ఎక్కేముందూ దిగాకా హాజరు వేసుకునే హాలును లాబీ అంటారు. అక్కడ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లు తాతల నాటి పద్ధతి ఒకటి పాటిస్తున్నారు. ఆఖరి బండి దిగినవాడు మెడలో దండలు తీయకుండానే, తన తరఫున వండించి తెచ్చిన భోజనాన్ని తన చేత్తో తోటివాళ్లకు వడ్డించాలి. ఎంత పెద్ద సాహెబు వచ్చి శాలువా కప్పినా సరే, ఆ వడ్డన అయితేనే మనిషి రిటైరైనట్టు.

"నీలవేణి సేత," అన్నాడు సూర్యం.

నీలవేణి ఒకప్పుడు కాలనీ పెళ్లిళ్లకు వంట చేసిన మనిషి. చిన్నారావు దవడ ఆగిపోయింది. అతనూ డ్రైవరే. మోకాళ్ల నొప్పులు వచ్చాక లాబీ కౌంటర్లో కూర్చుని ఎవరికి ఏ బండి అన్నది చూస్తున్నాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరి, ఏ చుట్టరికమూ లేకుండానే బావలైపోయారు.

"నీకు మతి పోనాదేటి? దానికి ఆ లివరు జబ్బు కాదేటి! హెపటైటిస్ సీ."

"నయమైపోయిందట కదా."

"ఎవుళు సెప్పారు? మొన్న పంటి డాక్టరు కాడికెల్తే టెస్టు పట్టీ మీద మళ్లీ గీత వొచ్చిందట. మా ఇంటిది సెప్పింది. గీత వొచ్చినాక ఇంకేటి నయం?"

"తిండిలోంచి అంటుకోదంటారు బావా."

"అంటారు. మన రూలేటి మరి? సిగ్నల్ లైటు వెలగలేదనుకో, పోనీలే గ్రీనే అయ్యుంటాదని దూసుకుపోతావేటి? రెడ్డే అనుకోవాలి. ఆ మనిషిని నానేటీ అన్లేదు. డౌటున్న కాడ బండి ఆపమంటన్నాను, అంతే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వి తలూపారు. రూలు సరైనదే. సూర్యం తన ఉద్యోగమంతా ఆ రూలును నమ్ముకునే బతికాడు. మిగిలిన జిలేబీ గోడ పక్కనున్న ఆవు ముందు పెట్టి ఇంటిదారి పట్టాడు.

నీలవేణికి వచ్చిన జబ్బే అతనికీ వచ్చింది. సర్కారీ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చిన మాత్రలు మూడు నెలలు మింగితే పోయింది. ఇంట్లో అక్కకీ కూతురికీ తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదని అతని నమ్మకం. లాబీలో మాత్రం కడుపులో పుండనీ పథ్యమనీ చెప్పుకున్నాడు. ఇంజన్లో తోటివాళ్లు టిఫిను బాక్సు విప్పి ఇటు జరిపితే వద్దనేవాడు. తన బాక్సును కిటికీ వైపు తిరిగి తినేసేవాడు.

లాల్‌ఖదాన్‌లో అతని ఇల్లు పట్టాలకు దగ్గర. బొగ్గు బండి పోతున్నంతసేపూ వంటింట్లో పళ్లేలు సన్నగా మోగుతాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర అచ్చియమ్మ పనసపొట్టు కూరలో ఆవ కలుపుతూ తమ్ముడి మొహం చూసింది.

"ఏటయ్యింది? జెండా వందనానికెల్లి జెండా కింద పడీసినట్టు మొహమెట్టుకొచ్చావు."

సూర్యం జరిగింది చెప్పాడు. చిన్నారావు మాటను కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు. అచ్చియమ్మ గరిటె కింద పెట్టింది.

"ఆడి నోట్లో మన్నడా! ఆడి కూతురి పెళ్లికి బూరెలు వొండింది నీలవేణి కాదేటి? అప్పుడు మూడేసి తిన్నాడు."

"అప్పటికి గీత రాలేదు కదప్పా."

కూతురు జ్యోతిర్మయి అప్పుడే చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఆమె యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. చదువంతా హిందీ, ఇంగ్లీషుల్లో సాగింది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవాలంటే కూడబలుక్కోవాలి.

"ఆ గీత వైరస్‌ది కాదు నాన్నా," అంది. "వైరస్‌తో కొట్లాడిన మన ఒంట్లోని సిపాయిలది. కొట్లాట అయిపోయినా వాళ్లు ఇంటికెళ్లరు, జిందగీ భర్, బతికున్నంత కాలం, కాపలా ఉంటారు. నీకు పట్టీ టెస్టు చేసినా అదే గీత వస్తుంది. వైరస్ ఉందా లేదా చెప్పేది వేరే టెస్టు. అందులో నీకు ఏమీ లేదు. ఎవరికైనా అంతే."

ఎవరికైనా అన్నదే కానీ నీలవేణి పేరు ఎత్తలేదు.

"అయితే నువ్వు సీసాల్లో ఎతికేది ఆ సిపాయిలనేనేటే?" అంది అచ్చియమ్మ.

"కాదత్తా. మైక్రో ఆర్‌ఎన్‌ఏలని వేరే ఉంటాయి."

"నోరు తిరిగే పేరొకటీ పెట్టుకోరు మీ సదువుకున్నోళ్లు."

జ్యోతిర్మయి నవ్వి, పళ్లెం అంచున మెతుకులు నాలుగు వరసగా పెట్టింది. "కణంలో ఏ పని జరగాలో చెప్పే చీటీలు తిరుగుతుంటాయి. ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏ చాలా చిన్న ముక్క. వెళ్లి చీటీకి అతుక్కుంటుంది, ఆ పని ఆగిపోతుంది. అదే దాని డ్యూటీ. లివర్లో అలాంటిది ఒకటి బోలెడంత ఉంటుంది. దాని నంబరు నూట ఇరవై రెండు."

"బండి నంబర్లా ఉంది," అన్నాడు సూర్యం.

"అచ్ఛా, సునో. హెపటైటిస్ సీ వైరస్ వచ్చి ఆ నూట ఇరవై రెండునే పట్టి తన తలకు కట్టుకుంటుంది. కణం దాన్ని కొరికి పారెయ్యకుండా అదే అడ్డుకుంటుంది. పైగా వైరస్ పెరగడానికి సాయం చేస్తుంది. అది లేకపోతే వైరస్‌కి మన లివర్లో బతకడమే కష్టం."

సూర్యం ముద్ద చేతిలోనే పట్టుకుని కాసేపు ఆలోచించాడు. పెండ్రా వైపు ఘాట్లో బండి ఎత్తు ఎక్కలేకపోతే వెనకనుంచి ఇంకో ఇంజను పెట్టి తోయిస్తారు. "అంటే మన షెడ్డు ఇంజనే దొంగోడి బండిని వెనకనుంచి తోసి ఘాట్ ఎక్కిస్తోందన్నమాట."

"సహీ!" అని జ్యోతిర్మయి అరచినంత పని చేసింది. "ఇది మా సర్‌కి చెప్పాలి."

"ఆ దొంగబండి పోయింది కదా, నువ్వు ఇంకా ఎతికేదేటి?" అని అచ్చియమ్మ వదల్లేదు.

"లివర్ దెబ్బ తిన్నప్పుడు ఆ ముక్కలు రక్తంలోకి వచ్చేస్తాయత్తా. అవే కాదు, ఇంకో రకాలు కూడా. వైరస్ పోయినా కొందరి లివర్లో పాత మచ్చలు మానవు. ఎన్నో ఏళ్లకి కేన్సర్ రావచ్చు. ఎవరికి రాబోతోందో రక్తంలోని ఈ ముక్కలు ముందే చెబుతాయా అన్నదే నేను చూస్తున్నది."

"సెబుతాయా?"

"ఇంకా తెలీదు."

సూర్యం తలెత్తి కూతుర్ని చూశాడు. తెలియనిదాన్ని తెలియదని ఇంత తేలిగ్గా, ఇంత ధైర్యంగా చెప్పేవాళ్లను అతను ఎక్కువమందిని చూడలేదు.

"తెలియాలంటే నయమైనవాళ్ల రక్తం ఏళ్ల తరబడి చూడాలి," అందామె. "జబ్బున్నవాళ్లు వస్తారు. నయమైనవాళ్లే రారు. మళ్లీ ఆ గుమ్మం ఎక్కితే ఎవరైనా చూస్తారని."

తననూ అడగవచ్చు కదా అనిపించింది సూర్యానికి. ఇంట్లోనే ఉన్నాడు, నయమైనవాడు. ఇన్నాళ్లలో కూతురు ఒక్కసారి కూడా అడగలేదు. మర్చిపోయి కాదు, తండ్రిని ఇబ్బంది పెట్టకూడదనే అడగలేదని అతనికి ఇప్పుడు అర్థమైంది.

"చిన్నారావు సెప్పిన రూలు మాత్రం తప్పు కాదే అమ్మీ," అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "వెలగని సిగ్నల్ అంటే రెడ్డే."

"తర్వాత? రెడ్ అని అక్కడే ఉండిపోతారా?"

"ఎందుకుంటాం? ఆపి, స్టేషన్ మాస్టర్‌కి ఫోన్ సేస్తాం. ఆయన లైను కాళీ ఉందో లేదో సూసుకుని, ఎల్లమని కాగితం ఇస్తాడు. అప్పుడు కదుల్తాం."

"నీకు కాగితం ఇచ్చారు కదా నాన్నా," అంది జ్యోతిర్మయి మెల్లగా. "ఎప్పుడో ఇచ్చారు. నువ్వే ఇంకా కదల్లేదు."

మర్నాడు పొద్దున్న అతను నీలవేణి ఇంటికి వెళ్లాడు. రెండు వీధుల అవతల, రేకుల ఇల్లు. మేడ లేదు కాబట్టి ఆమె ఎండ ఎక్కడ బాగా పడుతుందో అక్కడే, వాకిట్లో, రెండు మంచాలు వేసి పాత చీరలు పరిచి బూడిదగుమ్మడి వడియాలు పెడుతోంది. గోల్ బజార్‌లో ఒక కొట్టువాడు వాటిని రఖియా బడీ అని అమ్ముకుంటాడు. పెళ్లిళ్లకు పిలవడం మానేశాక ఆమెకు దొరికిన పని ఇది.

"రండన్నియ్యా," అంది లేవకుండానే. ఎడమ చేత్తో గిన్నె వంచి, కుడి చేతి మూడు వేళ్లతో పిండి తీసి, బొటనవేలితో చీర మీదకి తోస్తోంది. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే ఎత్తు. "శనివారం మీ ఆఖరి డ్యూటీ అంట కదా."

"దానికే వొచ్చానమ్మా. లాబీకి పులిహోర, బూరెలు నువ్వు వొండాలి."

నీలవేణి వేళ్లు ఆగలేదు. "వొద్దన్నియ్యా."

"ఎందుకూ?"

"కిందటేడు ఒకళ్లు అన్నప్రాసనకి పిలిసినారు. మంచోళ్లే. నా మీద జాలితో పిలిసినారు. వొచ్చినోళ్లు తినలేదు. బూరెలు గంప పళంగా గేదెలకి ఎట్టినారు. నాను పెరట్లో గిన్నెలు తోముకుంటా సూస్తన్నాను. ఇంక అది సూడలేను. వడియాలు సుఖం. ఎవుళు పెట్టారో తినేవోళ్లకి తెలీదు."

సూర్యం అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో స్కూటరొకటి పోయేదాకా ఆగి అన్నాడు.

"నాకూ అదే జబ్బు వొచ్చింది నీలవేణీ. నాను కూడా మాత్రలేసుకున్నాను."

"తెలుసన్నియ్యా."

అతను తెల్లబోయాడు. ఆమె ఇంకో వడియం పెట్టింది.

"ఆస్పత్రిలో మందుల కిటికీ కాడ ఆడోళ్ల లైన్లో నాను, మగోళ్ల లైన్లో మీరు. మీరు మొహానికి తువ్వాలు సుట్టుకున్నారు." పెదవి చివర చిన్న నవ్వు మెదిలింది. "నడకకి తువ్వాలు సుట్టలేరు కదా."

కాలనీ అంతా ఈమె పేరు నోట్లో వేసుకుని నమిలింది. కొళాయి దగ్గర బిందె వెనక్కి జరిపినప్పుడు, పేరంటంలో తాంబూలం నేల మీద పెట్టి వెళ్లినప్పుడు, నాకొక్కదానికేనా, ఫలానా సూర్యానికి లేదా అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. అతను ఇన్నాళ్లూ దాచుకున్నానని అనుకుంటున్నదాన్ని నిజానికి దాచింది ఈమె.

"ఎవుళికీ సెప్పలేదేటమ్మా?"

"మీ జబ్బు, మీరు సెప్పుకోవాలి. నాకెందుకు?" అని గిన్నె అడుగు గీకింది. "జ్యోతి పాప ఆ రక్తం పరీక్ష మొదలెట్టినకాడ్నించి ఎల్తన్నాను. ఇంకోళ్లకి ముందే తెలుస్తాదంటే ఒక సీసా నెత్తురు ఏపాటిది? పాప నా పేరు రాయదు. నంబరే. మీకు కూడా సెప్పి ఉండదు."

"సెప్పలేదు."

"సెప్పదు. అలా పెంచారు మీరు."

ఆ మాటకు సూర్యం తల వంచుకున్నాడు. కళ్లు తుడుచుకుంటే ఆమె చూస్తుందని, చీర అంచు గాలికి లేస్తుంటే రాయి పెట్టే నెపంతో అటు వంగాడు.

"వొండతాను," అంది నీలవేణి చివరికి. "ఒకటే మాట. నా గురించి మీరు వొకాల్తా ఎయ్యకండి. పాపం మంచిదనీ, నయమైందనీ ఏటీ వొద్దు. మీది సెప్పుకోవాలంటే సెప్పుకోండి. నా పులిహోర సంగతి అదే సూసుకుంటాది."

గురువారం అతను తువ్వాలు లేకుండా సర్కారీ ఆసుపత్రికి వెళ్లాడు. పరిశోధన కోసం యూనివర్సిటీ వాళ్లకిచ్చిన గది మెట్ల కింద ఉంది. తండ్రిని గుమ్మంలో చూసి జ్యోతిర్మయి కుర్చీలోంచి లేచింది. సంతకం పెట్టే ముందు చదవవలసినదంతా హిందీలో చదివి వినిపించింది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చని రెండుసార్లు చెప్పింది.

"రక్తం తీసేది టెక్నీషియన్ భయ్యా. నేను బయట ఉంటాను," అంది. "ఏ నంబరు నీదో నాకు తెలియకూడదు. తెలిస్తే అదే సీసా వైపు చూస్తాను."

కూతురు బయటికి వెళ్లింది. సూది గుచ్చుతుంటే సూర్యం గుమ్మంవైపు చూశాడు. తలుపు అద్దంలోంచి ఆమె తెల్లకోటు వీపు కనిపిస్తోంది. వెనక్కి తిరగలేదు. సంకెళ్లేసినట్టు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, రూలంటే రూలన్నట్టు నిలబడి ఉంది. తన ఇంజన్లో అసిస్టెంటుగా ఏ రోజూ ఎక్కకపోయినా ఇది డ్రైవరు బిడ్డే అనుకున్నాడు.

శనివారం తెల్లవారుజామున రాయగఢ్‌లో బొగ్గు బండి అందుకున్నాడు. అసిస్టెంటు శ్వేత, పలాస పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. పొద్దున్నే పసుపుతాడుతో బంతిపూల దండ ఒకటి ఇంజను ముందు కట్టింది.

"హోమ్ గ్రీన్ సర్!" అని చెయ్యెత్తి పిలుస్తుంది. "హోమ్ గ్రీన్," అని అతను చెయ్యెత్తి తిరిగి పలుకుతాడు. హోమ్ అంటే స్టేషన్‌లోకి రమ్మనే సిగ్నల్. ఇద్దరూ చూసి ఇద్దరూ పలికితేనే సిగ్నల్ చూసినట్టు. ఖర్సియా, చాంపా, అకల్‌తరా. ప్రతి స్టేషన్లోనూ జెండా పట్టుకున్నవాడు ఇవాళ కాస్త ఎక్కువసేపు పట్టుకున్నాడు. వేరే బండికి దారి ఇస్తూ పక్కనున్న లూప్ లైన్లో ఆగినప్పుడు శ్వేత టిఫిను బాక్సు తీసి, అలవాటు ప్రకారం తన ఒళ్లోనే పెట్టుకుంది.

"ఏటి తెచ్చావమ్మా?" అన్నాడు సూర్యం.

ఆమె ఆశ్చర్యపోయింది. "ఉప్మా సర్. మీకు పడదు కదా, అల్సరు..."

"పడతాది. కొంచెం పెట్టు."

బిలాస్‌పూర్ యార్డులో డప్పులు మోగాయి. బండి దిగుతుంటే దండలు పడ్డాయి. ఆఫీసరొకాయన శాలువా కప్పి, కరచాలనం చేసి, ఫొటో అయ్యాక వెళ్లిపోయాడు. అప్పుడు అందరూ లాబీలోకి వచ్చారు. గోడవారన బల్ల మీద నీలవేణి గుండిగ, బూరెల గంప తడిబట్ట కప్పుకుని ఉన్నాయి. నీలవేణి లోపలికి రాలేదు. బయట సైకిల్ స్టాండు దగ్గర అచ్చియమ్మ పక్కన నిలబడి ఉంది. ఆ వంట ఎవరిదో హాల్లో అందరికీ తెలుసు. బల్లకు కాస్త దూరంగా నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది.

సూర్యం గరిటె తీసుకున్నాడు. వడ్డించకుండా ఆగాడు.

"ఒక మాట. రెండేళ్ల కింద నాకు హెపటైటిస్ సీ వొచ్చింది. మాత్రలేసుకున్నాను, పోయింది. అల్సరని మీకు సెప్పింది అబద్ధం. ఇప్పుడు కూడా నా నెత్తురు సుక్క టెస్టు పట్టీ మీదేస్తే గీత వొస్తాది. సచ్చేదాకా వొస్తాది." గరిటె గుండిగ అంచున ఆనించాడు. "పట్టా మెరుస్తోందంటే దాని మీద బండి ఎల్లిందని. ఇంకా ఉందని కాదు. ఇది మనకి ఇంకోళ్లు సెప్పక్కర్లేదు. తినీవోళ్లు తినండి. తిననోళ్ల మీద నాకు కోపం లేదు."

అదే మాట హిందీలో కూడా చెప్పాడు.

ఎవరూ కదల్లేదు. తర్వాత శ్వేత విస్తరాకు పళ్లెం పట్టుకుని వచ్చింది. "సర్, బూరెలు రెండెయ్యండి. అకల్‌తరా నుంచీ ఆకలి." ఆమె వెనకాల సాహూ వచ్చాడు, చాంపా దగ్గరి పల్లెటూరివాడు. పులిహోర నోట్లో పెట్టుకుని కళ్లు మూసి, "అబ్బడ్ మిఠాథే గా," అన్నాడు. భలే రుచిగా ఉందని అతని భాషలో మెచ్చుకోలు. ఆవపెట్టిన పులిహోర ఘాటుకు ముక్కు ఎగబీల్చుకుంటూ మళ్లీ పళ్లెం చాపాడు. అక్కణ్నుంచి వరస కదిలింది. ఒక పెద్దాయన రెండో బూరె తీసుకుంటూ, "అల్సరని సెప్పి ఇన్నాళ్లూ నీ వంకాయ కూర ఒక్కడివే తినీసినావు దొంగసచ్చినోడా," అన్నాడు. నవ్వులు లేచాయి.

అందరూ తినలేదు. కొందరు డ్యూటీ ఉందన్నారు. ఒకడు ఫోను చెవిదగ్గర పెట్టుకుని బయటికి వెళ్లి తిరిగి రాలేదు. చిన్నారావు కౌంటర్ దాటి ఇవతలికే రాలేదు. బండ్ల పేర్లున్న తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. సూర్యం ఒక పళ్లెం వడ్డించి కౌంటర్ మీద పెట్టాడు. చిన్నారావు దాన్ని ముట్టుకోలేదు, తొయ్యనూ లేదు. కాసేపటికి లేచి వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు.

సాయంత్రం దీపాలు పెట్టాక నీలవేణి గిన్నెల కోసం సూర్యం ఇంటికి వచ్చింది. గుండిగలో అడుగున ఇంకా కొంత పులిహోర ఉంది. మూత తీసి చూసి, గరిటెతో అంచులకంటుకున్న మెతుకులు కిందకి దించింది.

"బూరెలు?"

"ఒక్కటీ లేదు," అంది జ్యోతిర్మయి. "శ్వేతక్క ఆఖరివి మూడు పొట్లం కట్టుకుపోయింది."

నీలవేణి తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఆ తుడుచుకోవడంలోనే నవ్వుకుంది.

"ఇదంతా మిగిలింది ఆ సిన్నారావు వల్లే," అని అచ్చియమ్మ మొదలుపెట్టేసరికి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. చిన్నారావు. లోపలికి చూసి, నీలవేణి ఉందని గమనించి, వెనక్కి వెళ్లాలా అన్నట్టు ఒక కాలు మెట్టు మీదే ఉంచాడు.

"రావయ్యా, రా. గ్రీను పడిందేటి నీకు?" అంది అచ్చియమ్మ.

"ఊరుకో అప్పా," అన్నాడు సూర్యం. "రా బావా."

చిన్నారావు వచ్చి చాప మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"ఓ ముద్ద ఉంటే పెట్టండి."

గుండిగ నీలవేణి దగ్గరే ఉంది. ఆమె పళ్లెం కడిగి, పులిహోర పెట్టి, అతని ముందు ఉంచింది. అతను తిన్నాడు. మధ్యలో ఆగి, మిరపకాయ పక్కకు తీసి, మళ్లీ తిన్నాడు. సగమయ్యాక మాట్లాడాడు.

"దసరా ముందు కంటి శుక్లాలు తీస్తామని టెస్టులు సేసినారు. నాకూ గీత వొచ్చింది. ఆపరేషనొద్దనీసి పారిపోయొచ్చినాను. మా ఇంటిదానికి కూడా సెప్పలేదు." పళ్లెంలోకే చూస్తున్నాడు. "నీ పేరు ఎత్తినప్పుడల్లా నాకేటో ధైర్యంగా ఉండీది నీలవేణీ. అందరూ నీ వైపు సూస్తారు కదా, నా వైపు సూడరని."

సూర్యానికి స్నేహితుడి మీద కోపం రావాలి, కానీ రాలేదు. కౌంటర్ వెనక కూర్చుని ఇన్ని నెలలు ఈ మనిషి ఎంత భయం మింగాడో అనుకున్నాడు.

"సల్లారిపోతాది, తినండి," అంది నీలవేణి.

అతను పళ్లెం ఖాళీ చేశాడు. తర్వాత జ్యోతిర్మయి వైపు తిరిగాడు. "అమ్మీ, నా నెత్తురు నీ సదువుకి పనికొస్తాదేటి?"

"ఇప్పుడే కాదు మామయ్యా. ముందు అసలు టెస్టు. వైరస్ ఉంటే మాత్రలు, అవి వాళ్లే ఇస్తారు. పోయాక నా దగ్గరికి రండి." ఆమె అతని పక్కన చాప మీద కూర్చుంది. "టెస్టు మాత్రం తొందరగా చేయించుకోవాలి. ఇన్నాళ్లూ ఊరుకున్నారు."

"ఒక్కణ్నే ఎల్లాలంటే..." అని ఆగిపోయాడు.

సూర్యం నోరు తెరిచేలోగా నీలవేణే అంది. "సోమవారం నాను మార్కెట్టుకెల్తాను. ఆస్పత్రి దారే. పొద్దున్నే రండి, కలిసి ఎల్దాం. ఏ కిటికీ ఎక్కడో నాకు తెలుసు."

చిన్నారావు తలూపాడు. లేచి, పెరట్లో తన పళ్లెం తనే కడిగి తెచ్చాడు. నీలవేణి గుండిగలో గరిటెలు వేసి ఎత్తబోతుంటే అడ్డొచ్చాడు.

"ఉండు. మోకాళ్లే పోనాయి, భుజం ఉంది."

"ఈదిలో అందరూ సూస్తారు బాబూ."

"సూడనీ."

గుండిగ భుజానికెత్తుకుని అతను ముందు నడిచాడు. ఖాళీ గంప చంకన పెట్టుకుని నీలవేణి వెనక నడిచింది. వీధి దీపం కింద మంచాలేసుకుని కూర్చున్నవాళ్లు మాటలాపి చూశారు. ఎవరో ఏదో అడిగితే, "లాబీ వంట గిన్నెలు! నీలవేణివి!" అని చిన్నారావు గట్టిగా జవాబు చెప్పడం వినిపించింది.

సూర్యం గుమ్మంలో నిలబడి వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు. లోపల జ్యోతిర్మయి చాప చుడుతోంది, అచ్చియమ్మ అప్పుడే ఆవలిస్తోంది. అతను లోపలికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టాడు.